సైకిల్ చైను ఇంట్లోనే మార్చుకోవాలంటే: ఏది కొనాలి, ఏది వద్దు

గేర్ల సైకిలుకు చైను మార్చడానికి కావలసిన సామానంతా ఇప్పుడు హైదరాబాద్‌లో దొరుకుతోంది. చిక్కల్లా కొనే తీరులోనే ఉంది. ఏ కంపెనీ చైను మంచిదని నలుగురినీ అడిగి అడిగి కొంటారు. చైను పిన్నును బయటికి తోసే కట్టరు మాత్రం ఏది చవగ్గా కనిపిస్తే అది పట్టుకొచ్చేస్తారు. చైను ఎంత అరిగిందో కొలిచే గేజీ అయితే అసలు కొననే కొనరు. మేం చెప్పే వరస దీనికి తలకిందులు. మొదట గేజీ, తర్వాత క్విక్ లింకు (కొసల్ని కలిపే, విప్పదగిన లింకు) ఉన్న చైను, ఆ పైన ఒక మాదిరి మంచి కట్టరు. ఈ మూడూ ఉంటే స్పానరు పట్టడం రానివాళ్లు కూడా గంటలో పని ముగించుకోవచ్చు.

గేజీతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. చైను సాగుతుందని అంటాం గానీ నిజానికి ఇనుము సాగదు. లింకుల్ని కలిపే పిన్నులూ, వాటి చుట్టూ తిరిగే లోపలి ప్లేట్లూ ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం కొత్త చైనులో సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఒక్కో జాయింటు దగ్గర వెంట్రుకవాసి అరిగినా, నూటపది జాయింట్లు కలిసేసరికి చైను పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగిన చైను ఫ్రీవీల్ (వెనక ఉండే పళ్ల చక్రాల గుత్తి) పళ్ల మధ్య సరిగ్గా కూర్చోక పళ్లను కొరికేస్తుంది. మన ఊళ్లో ఈ అరుగుదల త్వరగా రావడానికి పెద్ద కారణం రోబో శాండ్. కోకాపేట, నార్సింగి వైపు టిప్పర్ల నుంచి రోడ్డు మీద రాలే ఆ రాతిపొడి చైను ఆయిలుకు అతుక్కుని లోపల సానబెట్టినట్టు పనిచేస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ 2023లో వచ్చాక అటు తొక్కేవాళ్లు పెరిగారు. ట్రాక్ మీద పైన నీడ ఉంటుంది గానీ ఆ చుట్టుపక్కల దుమ్ముకు మాత్రం అడ్డేమీ లేదు.

గేజీల్లో పార్క్ టూల్ కంపెనీ సీసీ-3.2 చాలు. బల్లపరుపు ఇనుప రేకు, రెండు అంచులు. ఒక అంచు 0.5 శాతం అరుగుదల చూపిస్తుంది, రెండోది 0.75 శాతం. కొక్కెం ఉన్న చివరను ఒక రోలరు (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) మీద ఆనించి, రెండో చివర లింకుల మధ్యలోకి దిగుతుందో లేదో చూడటమే పని. వెనక పళ్ల చక్రాలు 10 దాకా ఉన్న సైకిళ్లకు 0.75 అంచు పూర్తిగా దిగితే చైను మార్చాలి. 11, 12 ఉన్నవాటికి 0.5 దిగగానే మార్చాలి. ఇలాంటి గేజీలు పిన్ను అరుగుదలతో పాటు రోలర్ల వదులును కూడా కలిపి కొలుస్తాయి కాబట్టి ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తాయి. అంటే వారం ముందు మారుస్తారు తప్ప ఆలస్యం కాదు. అది మనకు నష్టం లేని పొరపాటు.

గేజీ కొనడం ఇష్టం లేకపోతే అడుగు పొడవు స్టీలు స్కేలు తీసుకోండి. పెడల్ మీద కొంచెం బరువు వేసి పై వైపు చైనును బిగువుగా ఉంచి, ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెట్టండి. కొత్త చైనైతే, ఆ పిన్నును వదిలి లెక్కపెడితే 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు దాటి కనిపిస్తే 0.5 శాతం అరిగినట్టు. ఎనిమిదో వంతు దాటితే 1 శాతం. అప్పటికి చైనుతో పాటు వెనక పళ్లు కూడా పోయి ఉంటాయని అనుకోవచ్చు. ప్లాస్టిక్ స్కేలు వద్దు, దాని గీతల్ని నమ్మలేం.

ఇక చైను. దుకాణంలోకి వెళ్లి 21 గేర్ల చైను ఇమ్మని అడిగేవాళ్లు చాలామంది. అలాంటి చైను ఉండదు. 21 అంటే ముందు 3, వెనక 7. చైనుకు కావలసింది వెనక లెక్క ఒక్కటే. వెనక పళ్ల చక్రాలు 6, 7, 8 ఉన్న సైకిళ్లన్నిటికీ ఒకే రకం చైను సరిపోతుంది. వెనక 9 ఉంటే 9 స్పీడ్ చైనే కావాలి. చక్రాల సంఖ్య పెరిగేకొద్దీ వాటి మధ్య సందు తగ్గుతుంది, చైను కూడా బయటి వైపు సన్నబడుతుంది. 8 స్పీడ్ చైను 7 మి.మీ. పైచిలుకు వెడల్పు ఉంటే 9 స్పీడ్‌ది సుమారు 6.6 మి.మీ. ఈ అర మిల్లీమీటరుకే పక్క చక్రాన్ని గీసుకుంటూ గోల పెడుతుంది.

7, 8 స్పీడ్ సైకిళ్లకు ఎక్కువగా కనిపించేవి రెండు: తైవాన్ కంపెనీ కేఎంసీ ఎక్స్8, షిమానో హెచ్‌జీ40. రెండింటిలోనూ 116 లింకులుంటాయి, మామూలు హైబ్రిడ్ సైకిలుకు అవసరమైనదానికంటే కొన్ని ఎక్కువే. తొక్కేటప్పుడు రెండింటికీ తేడా చెప్పమంటే మేమైతే చెప్పలేం. గేర్లు రెండూ శుభ్రంగానే మారతాయి. తేడా పెట్టెలో ఉంది. ఎక్స్8తో క్విక్ లింకు వస్తుంది, కేఎంసీ దాన్ని మిస్సింగ్ లింక్ అంటుంది. హెచ్‌జీ40 కొన్ని ప్యాకెట్లలో క్విక్ లింకుతో, కొన్నింట్లో కలిపే పిన్నుతో వస్తుంది. కొత్తవాళ్లు పిన్ను రకం తీసుకోకండి. ఆ పిన్నును కట్టరుతో సరిగ్గా మధ్యకు నొక్కాలి, రెండు వైపులా సమానంగా కనిపించాలి, బయట మిగిలిన తోకను కటింగ్ ప్లేయర్‌తో విరిచేయాలి. కాస్త అటూఇటూ అయితే ఆ జాయింటు బిగుసుకుంటుంది, లేదా ఎప్పుడో జూబ్లీహిల్స్ ఎత్తు మీద తెగుతుంది. పాత పిన్నునే మళ్లీ కొట్టి కలపడం అసలే కూడదు. ఇప్పటి చైనుల్లో పిన్ను కొసలు ప్లేటు మీద వెడల్పయ్యేలా కొట్టి ఉంటాయి. ఒకసారి బయటికి తోస్తే ఆ పట్టు పోతుంది.

క్విక్ లింకు ఉంటే ఈ బాధలేవీ లేవు. రెండు సగాలు, ఒక్కోదానికి ఒక పిన్ను. ఎదురెదురుగా దూర్చి లాగితే గాడిలో కూర్చుంటాయి. 8 స్పీడ్ లింకును విప్పి మళ్లీ వాడుకోవచ్చు. 7.1, 7.3 మి.మీ. అని రెండు కొలతలు ఉంటాయి కనుక చైనుతో వచ్చిన లింకునే ఆ చైనుకు వాడండి, విడిగా కొంటే ప్యాకెట్ మీద కొలత చూసి కొనండి.

పూత సంగతి. ఎక్స్8లో తుప్పు పట్టకుండా ఈపీటీ పూత వేసిన రకం కూడా ఉంది. సైకిలు బాల్కనీలో జల్లు కొట్టే చోట పెట్టుకునేవాళ్లకు అది పనికొస్తుంది. హాల్లో పెట్టుకునేవాళ్లు ఆ డబ్బు ఆయిలుకు దాచుకోవచ్చు. ప్యాకెట్ లేకుండా కట్టలో నుంచి తీసి ఇచ్చే చైను మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు. బయటి ప్లేట్ల మీద కంపెనీ ముద్ర ఉందో లేదో చూడండి.

కట్టరు దగ్గర కక్కుర్తి పడితే చెడేది చైను కాదు, కట్టరే. అందులో చైను కూర్చునే గాళ్లు సాధారణంగా రెండు ఉంటాయి. పిన్నును తోయాలంటే చైనును పిడికి దూరంగా ఉన్న గాడిలో, వెనక గోడకు ఆనేలా పెట్టాలి. పిడికి దగ్గరున్న గాడి బిగుసుకున్న లింకును వదులు చేయడానికి మాత్రమే. తొందరలో ఆ దగ్గరి గాడిలోనే పెట్టి తిప్పితే వెనక ఆసరా ఉండదు, గాడి పళ్లే విరిగిపోతాయి. సామాన్ల వాళ్ల దగ్గరకు పాడై వచ్చే కట్టర్లలో చాలావాటి జబ్బు ఇదే. రెండో జబ్బు సూది వంకరపోవడం. కట్టరు సూది చైను పిన్ను నడినెత్తిన ఆనిందో లేదో కళ్లతో చూసి, మొదటి రెండు మూడు తిప్పులు మెల్లగా తిప్పండి. మొదట గట్టిగా ఉండి, చిన్నగా టక్కుమని ఆ తర్వాత సాఫీగా వెళ్లాలి. మొదటి నుంచి చివరిదాకా గట్టిగానే ఉంటే సూది పక్కన ఆనినట్టు. ఆపి మళ్లీ పెట్టండి.

పార్క్ టూల్ సీటీ-5 చిన్నది, జేబులో పడుతుంది, సూది విరిగితే కొత్తది వేసుకోవచ్చు. ఏడాదికొకసారి వాడే ఇంటికి అది సరిపోతుంది. మల్టీటూల్‌లో కలిపి వచ్చే కట్టరు దారిలో ఆపదకు పనికొస్తుంది, ఇంట్లో దానితో కుస్తీ పట్టనవసరం లేదు. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మోటార్‌సైకిల్ చైను కట్టరు దీనికి పనికిరాదు. దాని సూది లావు, సైకిల్ చైను ప్లేటునే పగలగొడుతుంది.

క్విక్ లింకు విప్పే ప్రత్యేక ప్లేయరు ఉంటే సుఖం, లేకపోయినా పని ఆగదు. లింకుకు రెండు పక్కలా ఉన్న రోలర్ల కింది నుంచి పాత బ్రేకు తీగ ముక్క వేసి, కొసలు పైకి తెచ్చి, ఒకదాన్నొకటి దాటేలా అడ్డంగా వేసి చెరోవైపు లాగితే ఊడొస్తుంది. లింకు చుట్టూ మట్టి పేరుకుంటే కదలదు, ముందు బ్రష్‌తో శుభ్రం చేయండి.

ఇప్పుడు అసలు పని. ముందు చిన్న చక్రం, వెనక చిన్న చక్రం మీదకు గేర్లు మార్చి చైను బిగువు తగ్గించండి. వెనక డీరెయిలర్ (గేరు మార్చినప్పుడు చైనును పక్క చక్రం మీదకు జరిపే భాగం) లోంచి చైను ఎలా వెళ్తోందో ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. సైకిలును తలకిందులు చేయకండి, గోడకు ఆనించి నిలబెట్టండి. తిరగేస్తే దారి అర్థం కాక కొత్తవాళ్లు తికమకపడతారు. కింద పాత పేపర్లు పరవండి, చైను తీయగానే నల్లటి మురికి ఇల్లంతా పాకుతుంది.

పాత చైనును తీసి కొత్తదాని పక్కన పరిచి, కొసకు కొస చూసి కత్తిరించడం చాలామంది చేసే పని. కత్తిరించిన చైను ఒక లింకు తేడాతో రావడం కూడా దాని వల్లే. ఒక శాతం అరిగిన 110 లింకుల చైను కొత్తదానికంటే సుమారు 14 మి.మీ. పొడవుంటుంది, అంటే ఒక లింకు కంటే ఎక్కువ. కాబట్టి కొలవకండి, లెక్కపెట్టండి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక కొస నుంచి రోలరుకు రోలరు జత కలుపుతూ వెళ్లండి. పదేసి లింకులకు ఒకసారి సుద్ద ముక్కతో గీత పెట్టుకుంటే తప్పిపోదు. క్విక్ లింకు ఒక బయటి లింకుతో సమానం. అందుకని కొత్త చైను రెండు కొసలూ సన్నగా ఉండే లోపలి లింకులతో ముగియాలి. ఒక కొస వెడల్పు లింకుతో మిగిలితే క్విక్ లింకు దానికి పట్టదు. పిన్ను బయటికి తోసే ముందు ఈ ఒక్కటి రెండుసార్లు చూసుకోండి. ఎక్కువ మిగిలితే మళ్లీ తీయవచ్చు, తక్కువైతే చేసేదేం లేదు.

పాత చైను లేకపోయినా, దాని పొడవు సరైనదో కాదో అనుమానం ఉన్నా వేరే దారి ఉంది. కొత్త చైనును ముందు పెద్ద చక్రం, వెనక అన్నిటికంటే పెద్ద చక్రం మీదుగా చుట్టండి. వెనక డీరెయిలర్ లోకి మాత్రం దూర్చకండి. కొసలు బిగువుగా కలిసే చోటుకు ఒక అంగుళం, అంటే ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు కలిపి కత్తిరించాలి. ఇంతకంటే పొట్టిగా ఉంటే ముందూ వెనకా పెద్ద చక్రాల మీద పడినప్పుడు డీరెయిలర్ విరిగిపోతుంది.

ఎక్కించేటప్పుడు చైనును ముందు వైపు డీరెయిలర్ పంజరం లోపల నుంచి తీసి, వెనక చిన్న చక్రం మీద వేసి కిందికి దింపండి. వెనక డీరెయిలర్‌లో పై బుల్లి చక్రానికి ముందు నుంచి, కింది బుల్లి చక్రానికి వెనక నుంచి వెళ్లాలి. ఈ రెండు చక్రాల మధ్య, పంజరం ప్లేటు మీద చిన్న ఇనుప నాలుక ఒకటి ఉంటుంది. చైను దాని లోపలి వైపు నుంచి వెళ్లాలి. బయటి నుంచి వెళ్తే చూడటానికి అంతా బాగానే ఉంటుంది, గేర్లూ పడతాయి, కాకపోతే పెడల్ తిప్పినంతసేపూ కరకరమంటుంది. ఆ నాలుక మీద మెరిసే గీత పడుతుంది. కొత్త చైను గోల చేస్తోందని దుకాణం మీదకు వెళ్లే ముందు అక్కడ చూడండి.

లింకు రెండు సగాలూ కలిపాక పెడల్‌ను వెనక్కి తిప్పి అది పై వైపు, ముందు వెనక చక్రాల మధ్యకు వచ్చేలా చేయండి. వెనక బ్రేకు పట్టుకుని పెడల్‌ను ముందుకు గట్టిగా తొక్కండి. టక్కుమని వినిపిస్తుంది. రెండు పిన్నులూ గాడి చివరి దాకా వెళ్లాయో లేదో కంటితో చూడాలి. సగంలో ఆగిన లింకు మొదటి ఎత్తు మీదే ఊడిపోతుంది.

అయ్యాక పెడల్‌ను వెనక్కి మెల్లగా తిప్పుతూ కింది బుల్లి చక్రం వైపు చూడండి. ఏ లింకు దగ్గర చైను చిన్నగా ఎగిరితే అక్కడ జాయింటు బిగుసుకున్నట్టు. రెండు చేతులతో పట్టి అటూఇటూ పక్కకు వంచితే వదులవుతుంది. తర్వాత వీధిలో తొక్కి చూడండి, చిన్న చక్రాల మీద గట్టిగా తొక్కినప్పుడు చైను జారుతుందేమో గమనించండి. జారితే తప్పు చైనుది కాదు. అరిగిపోయిన పళ్లు కొత్త చైనును పట్టుకోలేకపోతున్నాయి. అందుకే ఆలస్యంగా మార్చినవాళ్లు ఫ్రీవీల్ కూడా కొనాల్సి వస్తుంది. వెనక 7 చక్రాలున్న సైకిళ్లలో ఎక్కువగా మరలాగా తిప్పి బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. తొక్కినకొద్దీ అది బిగుసుకుంటుంది కాబట్టి విప్పడానికి సరైన టూలు, పొడుగు పిడి స్పానరు కావాలి. ఆ పని మెకానిక్‌కు ఇవ్వడమే మంచిది.

కొత్త చైనుకు కంపెనీ వాళ్లే లోపలి దాకా గ్రీజు పట్టించి పంపుతారు. దాన్ని డీజిల్‌తో కడిగేయకండి, ఇంట్లో మళ్లీ అంత లోతుకు పట్టించడం కష్టం. పై జిడ్డును మాత్రం పొడి గుడ్డతో తుడిచేయండి, లేకపోతే మొదటి రోజే దుమ్మంతా అంటుకుంటుంది. చైను పొడిగా చప్పుడు చేయడం మొదలయ్యాక ఆయిలు వేయాలి. రోలరుకు ఒక చుక్క చొప్పున చైనంతా వేసి, పది నిమిషాలు ఆగి, పైనున్నదంతా తుడిచేయాలి. ఎండాకాలానికి పొడి లూబు (చైను ఆయిలు), జూన్ నుంచి వానలు తగ్గేదాకా తడి లూబు. కొబ్బరినూనె, వంటనూనె కొన్నాళ్లకు జిగురుగా మారతాయి. బండి ఇంజిన్ ఆయిలు చిక్కన, రోబో శాండ్‌ను లాగేసుకుంటుంది. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా తుప్పు వదిలించడానికి బాగుంటుంది, లూబుగా ఎక్కువ రోజులు నిలవదు.

గేర్లు లేని పాత రకం సైకిలుకు ఇదంతా అక్కర్లేదు. దాని చైను వెడల్పు, కొసలు కలిపేది స్ప్రింగు క్లిప్పు ఉన్న లాకు. క్లిప్పు మూసి ఉన్న వైపు చైను వెళ్లే దిక్కుకు ఉండాలి, నోరు తెరిచిన వైపు వెనక్కి. తిరగేసి పెడితే దేనికో తగిలి ఎగిరిపోతుంది. చైను బిగువును వెనక చక్రం ఇరుసు జరిపి సరిచేయాలి, మధ్యలో పైకీ కిందికీ కలిపి అర అంగుళం ఆడాలి.

కొనక్కర్లేనివి కూడా చెప్పాలి. చైను మీద బిగించి తిప్పే ప్లాస్టిక్ కడుగుడు పెట్టె మొదటి చైనుకు అవసరం లేదు. పాత టూత్‌బ్రష్, డీజిల్ తడిపిన గుడ్డ అదే పని చేస్తాయి. చైను సెట్ పేరుతో కట్టరు, గేజీ, ప్లేయరు, బ్రష్ అన్నీ కలిపి అమ్మే సంచీల్లో కట్టరు సూది మెత్తగా ఉండటం మామూలే, విడివిడిగా కొనండి. నైట్రైల్ గ్లవ్స్ జత తీసుకోండి. గ్రీజు చేతులకంటితే ముందు వంటనూనె రాసి, తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే పోతుంది. మిగిలిన లింకుల ముక్కను పారేయకండి. ఇంకో రెండు క్విక్ లింకులు కొని, ఆ ముక్కతో కలిపి సీటు కింద సంచీలో పడేయండి. దారిలో చైను తెగితే చెడిన లింకు తీసేసి, ఈ ముక్క అతికించి గండిపేట నుంచి ఇల్లు చేరవచ్చు, కట్టరు కూడా ఆ సంచీలోనే ఉంటే.